ఉష్ టీచరు వేసిన మార్కులు

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. పిల్లలకి ఆవిడ ఉష్ టీచరు. లైబ్రరీలో ఎవరు గొంతు పెంచినా పెదవుల మీద వేలు పెట్టుకుని ఆ ఒక్క శబ్దమే చేసేది. అరవటం ఆవిడకి చేతకాదు. తోటి టీచర్లు కూడా చాటుగా ఆ పేరే వాడేవాళ్ళు. ఆవిడకి తెలుసు. పట్టించుకునేది కాదు.

లైబ్రరీ అంటే మెట్ల కింద గది. ఒక పక్క కప్పు వాలుగా దిగి ఉంటుంది. అక్కడ పెద్దవాళ్ళు వంగాలి, పిల్లలు నిలబడొచ్చు. బడి వదిలే వేళ మెట్ల మీద పాదాలన్నీ ఒక్కసారి దిగుతుంటే పుస్తకాల బీరువాల అద్దాలు వణికేవి. ఆ వణుకు ఆగేదాకా ఆవిడ చేతిలో పని ఆపి కూర్చునేది.

భర్త పోయాక అక్క ఇంటికి వచ్చి అక్కడే ఉండిపోయింది. అక్క బట్టలు కుట్టేది. చూపు మందగించినా నోరు మందగించలేదు.

"చిన్నప్పుడు నేను పలక పగలగొడితే నువ్వే పగలగొట్టానని చెప్పి తన్నులు తిన్నావు," అనేది అక్క. "నిన్ను ఎవరైనా ఇంకేం అడుగుతారే. నీ మొహం చూస్తేనే జనానికి బరువులు దింపుకోవాలనిపిస్తుంది."

చెల్లెలు నవ్వి ఊరుకునేది.

ఆ ఏడు బడికి కొత్త పెద్దమేడం వచ్చింది. వచ్చీ రాగానే తరగతి గదుల్లో ఉన్న బెత్తాలన్నీ తెప్పించి తన బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇకమీద ఈ బడిలో కొట్టటం, తిట్టటం ఉండవంది. పిల్ల చేసిన తప్పు కాదు, సరిగ్గా చేసిన పని చూడాలి. చూసిన వెంటనే ఏం బాగా చేసిందో విడమరిచి ఆ పిల్లకి చెప్పాలి. మరీ ఇబ్బంది పెట్టే పిల్లలకి ఒక్కొక్కరికి ఒక పెద్దమనిషి తోడు. ఆ తోడు వాళ్ళ క్లాసు టీచరు కాకూడదు. పిల్ల పొద్దున తోడు దగ్గరికి వచ్చి ఆకుపచ్చ కార్డు తీసుకోవాలి. ప్రతి పీరియడు చివర టీచరు అందులో సున్నా గానీ ఒకటి గానీ రెండు గానీ వెయ్యాలి. సాయంత్రం కార్డు తోడుకి చూపించి, ఇంట్లో సంతకం పెట్టించుకుని మర్నాడు తేవాలి.

"మా కాలంలోనూ కార్డు ఉండేది మేడం," అన్నాడు లెక్కల మాస్టారు. "నేరుగా అరచేతి మీదే అచ్చు వేసేవాళ్ళు. ఇంట్లో సంతకం కూడా వీపు మీదే."

అందరూ నవ్వారు. పెద్దమేడం నవ్వలేదు. "మీకూ ఒక పిల్లాణ్ణి ఇస్తున్నాను మాస్టారూ," అంది. నవ్వు ఆగిపోయింది.

ఉష్ టీచరుకి మూడో తరగతి పిల్ల వచ్చింది. అందరూ గోళ్ళపిల్ల అంటారు. ఎవరు తగిలినా గీరేది. పిన్ని చర్మం దాకా గోళ్ళు కత్తిరించి పంపినా, ఆ మిగిలిన దానితోనే గీరేది. తల్లి లేదు. తండ్రి వేరే ఊళ్ళో వేరే సంసారం పెట్టుకున్నాడు. పిల్ల బాబాయి ఇంట్లో పెరుగుతోంది. బాబాయి వెల్డింగు షాపులో పనివాడు.

మొదట్లో పిల్ల వాలు కప్పు కింద దూరి గోడకేసి తిరిగి కూర్చునేది. ఉష్ టీచరు పిలిచేది కాదు. పుస్తకాలకి అట్టలు వేసుకుంటూ తన పనిలో తను ఉండేది. కొన్నాళ్ళకి పిల్ల ఇటు తిరిగింది. ఇంకొన్నాళ్ళకి బల్ల దగ్గరికి వచ్చి, కత్తెర పడిన కాగితం అంచులు ఏరి చెత్తబుట్టలో వెయ్యటం మొదలెట్టింది.

"నీకు పిల్లల్లేరా టీచర్?"

"లేరమ్మలూ."

"పోనీలే. గీరేవాళ్ళు ఉండరు."

మూడో తరగతి టీచరు మంచిదే. కానీ ఆవిడ గదిలో పిల్లలు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నట్టు ఉండేవాళ్ళు.

"అక్కా, పీరియడు పీరియడుకీ దీని కార్డు ఎక్కడ పడేసిందో వెతుక్కుంటూ కూర్చుంటే పాఠం ఎప్పుడు చెప్పను," అంది ఒకరోజు ఉష్ టీచరుతో. "సాయంత్రం మీరే దాన్ని అడిగి మార్కులు వేసెయ్యండి. నేను కింద సంతకం గీకేస్తాను."

అలా చెయ్యకూడదని ఇద్దరికీ తెలుసు. ఉష్ టీచరు సరేనంది. ఆవిడ ఎవరికీ కాదని చెప్పి ఎరగదు.

మొదట్లో నిజమే వేసింది. పిల్ల దాచేది కాదు. ఫలానా పీరియడులో గీరాను అంటే ఆ గడిలో సున్నా పడేది. ఒక పొద్దున పిల్ల కాళ్ళ నిండా దోమకాట్లతో వచ్చి, కార్డు తీసుకోకుండా బల్ల మీద తల పెట్టి నిద్రపోయింది. లేపి అడిగింది.

"బాబాయి గుమ్మం బయట నిలబెట్టాడు."

"ఎందుకు?"

"సున్నా ఉంటే నిలబెడతాడు. వాళ్ళు పడుకునేటప్పుడు పిలుస్తారు. నిన్న మర్చిపోయారు."

"కొట్టాడా?"

"లేదు. బాబాయి కొట్టడు," అంది పిల్ల, బాబాయి మీద మాట పడనివ్వకుండా.

ఆ రోజు కూడా పిల్ల గీరింది. పక్కపిల్ల మెడ మీద. సాయంత్రం వచ్చి చెప్పింది. ఉష్ టీచరు కలం గడి మీద పెట్టి అడిగింది.

"తర్వాత ఊరుకున్నావా?"

"ఊరుకున్నా."

రెండు వేసింది. కింది గడిలోనూ రెండు. ఆ కిందా రెండు.

పెద్దమేడం దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు. చెప్తే బాబాయిని పిలుస్తారు. పిలిస్తే ఇంటికెళ్ళాక ఏమవుతుందో ఆవిడకి తెలియదు. కలంతో పోయేదానికి ఇంత గొడవ ఎందుకనుకుంది. ఆ తర్వాత కార్డు నిండా రెండ్లే. నమ్మకం కోసం మధ్యలో ఎక్కడో ఒక ఒకటి. రానురాను అడగటం కూడా మానేసింది. పిల్ల ఏదో చెప్పబోతే, పర్లేదులే అని ముందే వేసి ఉంచిన కార్డు చేతిలో పెట్టేది. చెడ్డవి వినకుండా ఉంటే చాలనుకుంది. మంచివి కూడా వాటితోపాటే పోయాయని తోచలేదు.

పిల్ల ఒక్కో గడిని వేలితో తాకి చూసుకునేది.

"నేను మంచిదాన్నయ్యాను కదా టీచర్?"

"అయ్యావమ్మలూ."

పిల్ల కాళ్ళ మీద దోమకాట్లు మానిపోయాయి. గీరటం మానలేదు గానీ కొంచెం తగ్గినట్టే ఉంది. తగ్గిందో, తనకే అలా అనిపించిందో.

ఏడాది సగంలో పెద్దమేడం అందర్నీ కూర్చోబెట్టింది. కార్డుల మార్కులన్నీ గీతలుగా గీయించి గోడకి అంటించింది. గోళ్ళపిల్ల గీత అన్నిటికన్నా పైకి పోయింది.

"ఈ పిల్లకి ఇక తోడు అవసరం లేదు," అంది. "తోడు లేకుండా నిలబడటమే కదా మనకి కావలసింది. ఒకటో తరగతిలో ఒకడున్నాడు, పొద్దస్తమానం ఏడుస్తాడు. మీకు వాణ్ణి ఇస్తాను టీచర్. మీ చెయ్యి మంచిది."

లెక్కల మాస్టారు లేచి నమస్కారం పెట్టాడు. "మాక్కూడా ఆ మంత్రం చెప్పండి టీచరు గారూ. నావాడి గీత నేలబారునే పాకుతోంది."

ఆవిడ మూడో తరగతి టీచరు వైపు చూసింది. మూడో తరగతి టీచరు కిటికీ వైపు చూసింది. నోరు తెరవాల్సింది అప్పుడే. తెరిస్తే గీత కింద పడుతుంది, నిజం కార్డు ఇంటికి పోతుంది, పిల్ల గుమ్మం బయట నిలబడుతుంది. తెరవకపోతే పిల్ల ఈ గదికి రాదు. రెండిట్లో ఏది తక్కువ చెడ్డదో తేల్చుకునేలోపు అందరూ లేచిపోయారు.

"మరి పొద్దున నేనెక్కడికి రావాలి?" అంది పిల్ల, విన్నాక.

"నేరుగా క్లాసుకే వెళ్ళాలి. నువ్వు బాగుపడ్డావు కదా."

"బాగుపడితే రాకూడదా?"

ఆ సాయంత్రం అక్కకి అంతా చెప్పింది. అక్క సూదిలో దారం ఎక్కించటం ఆపి విన్నది.

"దాని దెబ్బలు నువ్వు తినలేవే పిచ్చిమొద్దూ," అంది. "పలకంటే సరిపోయింది. ఈసారి ఎవరో ఒకరికి తగుల్తుంది."

తగిలింది. తోడు పోయాక కూడా పిల్ల పొద్దున్నే వచ్చి లైబ్రరీ తలుపు దగ్గర నిలబడేది, గంట కొట్టగానే పోయేది. ఒకరోజు లోపలికి వచ్చేసింది. తన పీట మీద ఒకటో తరగతి వాడు కూర్చుని ఉన్నాడు. ఏడుపు ఆపి, ఉష్ టీచరు చేతిలోంచి కార్డు అందుకుంటున్నాడు. పిల్ల దగ్గరికి వెళ్ళింది. వాడి మొహం మీద చెయ్యి వేసి కిందికి లాగింది. కంటి పక్కన చీరుకుపోయింది. కుట్లు వేయించాల్సి వచ్చింది.

మర్నాడు బాబాయిని పిలిపించారు. షాపు నుంచి అలాగే వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చొక్కా మీద నిప్పురవ్వలు కాల్చిన చిల్లులు. పిల్లని గోడవారగా నిలబెట్టారు. పెద్దమేడం ముందు కార్డుల కట్ట ఉంది.

"తనని తాను అదుపు చేసుకోలేని పిల్ల అయితే ఇంకొన్నాళ్ళు చూసేవాళ్ళం," అంది. "ఇన్ని నెలలు ఇంత చక్కగా ఉన్న పిల్ల. చేతగాక కాదు, కావాలని చేసింది. ఆ ఒకటో తరగతి వాడి తండ్రికి నేనేం సమాధానం చెప్పను? టీసీ ఇచ్చేస్తాను, తీసుకెళ్ళండి."

"ఇచ్చెయ్యండి మేడం. ఇంట్లో మా ఆవిడకి సాయంగా ఉంటుంది." బాబాయి గొంతులో కోపం లేదు, అలసటే ఉంది.

పెద్దమేడం కలం మూత తీసింది.

"ఆ మార్కులు నేను వేశాను," అంది ఉష్ టీచరు.

"ఏ మార్కులు?"

"అన్నీ. పిల్ల బాగుపడలేదు మేడం. రోజూ గీరుతూనే ఉంది. తోడు అక్కర్లేదన్న మాట నా రాతల వల్ల వచ్చింది. తోడు తీసేశారు కాబట్టే ఇది జరిగింది. దాన్ని పంపించకండి."

"ఇక్కడ క్లాసు టీచరు సంతకం ఉంది కదా."

మూడో తరగతి టీచరు చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. "చూడకుండా పెట్టాను మేడం," అంది చివరికి.

"ఎందుకు చేశారీ పని?"

"సున్నా ఇంటికి వెళ్తే పిల్లని గుమ్మం బయట నిలబెడుతున్నారు."

బాబాయి తల ఎత్తాడు. "నేను చెయ్యి చేసుకోలేదండి. మా నాన్న మమ్మల్ని ఇనుప గొట్టంతో కొట్టేవాడు. నేను నిలబెట్టాను, అంతే." తర్వాత గోడవారనున్న పిల్ల వైపు తిరిగాడు. "అయితే ఒక్కటీ నిజం కాదన్నమాట. ఇన్నాళ్ళూ కార్డు చూపించి నవ్వావే."

పిల్ల అతన్ని చూడలేదు. ఉష్ టీచరునే చూస్తోంది.

పెద్దమేడం కలానికి మూత పెట్టింది. పిల్ల బడిలోనే ఉంటుందంది. ఏ పిల్ల కార్డూ ఇక ఇంటికి వెళ్ళదంది. బాబాయి వారం వారం వచ్చి తనకి కనపడాలంది. ఇద్దరు టీచర్లకీ మెమోలు ఇచ్చింది. గోళ్ళపిల్లకి తోడుగా డ్రిల్లు మాస్టార్ని వేసింది. ఉష్ టీచరుకి ఇకమీద ఏ పిల్లనీ ఇవ్వలేదు. ఇదంతా నెమ్మదిగానే చెప్పింది. లెక్కల మాస్టారు స్టాఫు రూములో ఈ సంగతి మీద ఒక్క జోకూ వెయ్యలేదు. ఆవిడకి అదే ఎక్కువ బాధ కలిగించింది.

చాలా రోజుల తర్వాత పిల్ల పుస్తకం తిరిగివ్వటానికి వచ్చింది. పీట మీద కూర్చోలేదు.

"టీచర్, నేను ఒక్క రోజు కూడా మంచిగా లేనా?"

"ఉన్నావమ్మలూ. ఎందుకు లేవు."

"ఏ రోజు?"

ఉష్ టీచరు చెప్పబోయింది. ఉండే ఉంటాయి. ఎవరికో బలపం ఇచ్చిన రోజు, చెయ్యి ఎత్తి దించేసుకున్న రోజు. ఆవిడ అడగలేదు, పిల్ల చెప్పబోతే విననూ లేదు. ఎంత వెనక్కి వెళ్ళి వెతికినా ఏ సాయంత్రం చూసినా ఒకేలా ఉంది.

పిల్ల కాసేపు ఆగింది. పెద్దవాళ్ళకి గుర్తు రావటానికి కొంచెం టైం పడుతుందనుకుందేమో. తర్వాత పుస్తకం బల్ల మీద పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.