నాన్న కాటన్ వేస్టు

రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మా నాన్నకు తుడవడమంటే కాటన్ వేస్టే. ఆ నూలు పీచు ఉండతోనే నా కారును రోజూ పొద్దున్నే గుండ్రంగా, గట్టిగా రుద్దుతారు. దాంతో రంగు మీద సాలెగూడులా గీతలు పడ్డాయి. వీడియోలు చూసి నేనే పాలిష్ చేయబోతే బానెట్ మీద మచ్చలు కూడా తేలాయి. ఇక లాభం లేదని ఈ ఉదయం నాన్నను వెంటబెట్టుకుని హిజ్లీ దగ్గర కార్ల రంగుకు మెరుగుపెట్టే డీటెయిలింగ్ షాపుకు వెళ్లాను.

షాపాయన ఇక్కడే స్థిరపడ్డ మన తెలుగువాడే. బానెట్ మీద లైటు వేసి చూపించాడు. "ఇయన్నీ తుడిసిన గీతలే దీదీ. ఏటితో తుడుస్తన్నారు?"

నేను నోరు తెరిచేలోపే నాన్న గర్వంగా అన్నారు. "కాటన్ వేస్టుతో బాబూ! దాంతో ఇంజన్లే తుడిసినాం."

షాపాయన నవ్వాడు. "ఇంజనైతే తట్టుకుంటాది గానీ, కారు రంగు తట్టుకోదండీ."

నాన్న బానెట్ మీద ఆనించిన చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు.

సాయంత్రానికి కారు అద్దంలా మెరుస్తూ పూరీ గేట్‌లోని మా ఇంటికి చేరింది. కాసేపటికే దాని మీద సన్నగా దుమ్ము పడింది. నాన్న వరండాలో చేతులు కట్టుకుని నిలబడి నన్ను పిలిచారు.

"ఏటమ్మా, నీ కారు మీద ధూళి పడిపోనాది. ఆ షాపాయనకి ఫోను సెయ్యి."

షాపులో ఇచ్చిన మెత్తటి గుడ్డ తెచ్చి నాన్న చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, మడతపెట్టి నాకే ఇచ్చేశారు.

గీతలు తీయడానికి షాపు దొరికింది. నాన్న చేత మళ్లీ కారు ముట్టించే పని మాత్రం నేనే చేసుకోవాలి. ఎలాగో తెలిసినవాళ్లు చెప్పండి.