సముద్రపు గాలికి పంపాను

మా సైన్సు టీచరుగారు పోయారని గురువారం పొద్దున విశాఖ నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. ఊపిరాడక పోయారట. ఆవిడను అక్కడికి పంపింది నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

నాది మిర్చి వ్యాపారం. గుంటూరు బ్రాడీపేటలో టీచరుగారింట్లో కింది వాటాలో అద్దెకుంటున్నాను. ఆవిడ దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాణ్ణి కనక, నా జుట్టు నెరిసినా ‘ఒరేయ్’ అనే పిలిచేవారు. తర్వాత ఆవిడ విశాఖలో చాలాకాలం పనిచేశారు. ఉబ్బసం అక్కడే పట్టుకుంది. రిటైరై గుంటూరు తిరిగొచ్చాక బజారు పనులన్నీ పొద్దున్నే ముగించుకుని, మధ్యాహ్నం ఒంటిగంట కాగానే కిటికీలు మూసేసేవారు. ఆ వేళప్పుడు చుట్టాలొచ్చినా తలుపు ఓరగా తీసి, చటుక్కున లోపలికి లాగేసేవారు.

మా ఊళ్లో ఎవరు దగ్గినా మిరపకాయ ఘాటే అంటాం. మిర్చి యార్డు నుంచి ఒళ్లంతా కారపు దుమ్ముతో వచ్చే నాకు, ఆవిడ ఆయాసం విన్నప్పుడల్లా గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

“మీకు పడనిది మా మిరపకాయేనండి. నాల్రోజులు సముద్రపు గాలి తగిలితే సర్దుకుంటుంది,” అన్నాను ఈ వేసవిలో.

“మీ కాయ చెప్పి కొడుతుందిరా. తుమ్మి ఊరుకుంటాను. బళ్ల పొగ ఎండకి ఉడికి ఓజోన్ అవుతుంది చూడు, దాని వాసన తెలియదు. నాకు దానితోనే భయం.”

“ఓజోన్ మంచిదని మీరేగా పాఠం చెప్పారు?”

“ఆకాశంలో ఉంటే గొడుగు, వీధిలో ఉంటే నిప్పు. సగం పాఠం విని లేచిపోయే అలవాటు నీకింకా పోలేదు. విశాఖలో పొద్దున ఊరొదిలిన పొగని మధ్యాహ్నం ఆ సముద్రపు గాలే వెనక్కి తోస్తుంది.”

నేను నవ్వేశాను. గుంటూరోడికి గాలి గురించి ఎవరూ చెప్పక్కర్లేదనుకునే పొగరు నాది. వాళ్ల చెల్లెలితో మాట్లాడి టికెట్ కూడా తీశాను. చివరికి ఆవిడ, “నావల్లే అని నువ్వు కుమిలిపోతుంటే చూడలేకపోతున్నాను, వెళ్లొస్తాలే,” అన్నారు.

వారం తర్వాత ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. “అక్కడ ఘాటేమీ లేదు కదండీ?” అంటే, “ఏమీ... లేదురా,” అన్నారు. ఆ రెండు మాటల మధ్య ఆవిడ ఊపిరి కోసం ఆగడం నాకు స్పష్టంగా వినిపించింది. విని కూడా, ఘాటు లేదన్నారు కదా అని సంతోషంగా ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు ఎండ తెల్లగా కాసే మధ్యాహ్నాల్లో, పై వాటాలో కిటికీ రెక్క మూసిన చప్పుడు వినిపిస్తోంది. తాళం వేసింది నేనే. ఎవరూ లేరని తెలిసినా తల ఎత్తి చూస్తున్నాను.

అంతకన్నా ఆవిడను రైలెక్కించిన రోజు స్టేషన్ నన్ను వదలడం లేదు. యార్డు నుంచి తిన్నగా వెళ్లాను, చొక్కా మార్చుకునే తీరిక లేదు. టీచరుగారు కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపి, “దగ్గరికి రారా,” అన్నారు. నా దుమ్ము ఆవిడకు పడదని, బండి కదిలేదాకా ప్లాట్‌ఫారం ఆ చివర గోడకు ఆనుకునే నిలబడ్డాను. ఆవిడ చెయ్యి అలాగే చాపి ఉంది.