కరెంటు లేని బాకా

గురజాలలో తపాలా ఆఫీసు వెనక సందులో రెండు పెంకుటిళ్లకు మధ్య ఒకటే గోడ. గోడకు ఇవతల తంతి గుమాస్తా జీవరత్నం, అతని భార్య పాపమ్మ. అవతల మైకుసెట్టు రసూల్, అతని భార్య అక్తర్ బేగం. రెండిళ్లలోనూ పిల్లలు లేరు. క్రిస్మస్‌కు అరిసెలు అటు వెళ్లేవి, రంజాన్‌కు సేమ్యా ఇటు వచ్చేది. అక్తర్ జీవరత్నాన్ని అన్నా అని పిలిచేది కాబట్టి రసూల్ అతనికి బావ వరసయ్యాడు.

జీవరత్నం మాటకారి కాదు. ఎదురుగా మనిషి ఉంటే పది మాటలకు ఒక్కటి బదులిచ్చేవాడు. కనపడని మనిషితో అయితే గంటసేపైనా మాట్లాడేవాడు. ఆఫీసులో మోర్సు మీటతో చెయ్యి తిరిగినవాడు కావడంతో, హైదరాబాదు వెళ్లి పరీక్ష గట్టెక్కి, ఇంట్లోంచి వైర్‌లెస్ మాట్లాడుకునే లైసెన్సు తెచ్చుకున్నాడు. హామ్ రేడియో అంటారు దాన్ని. ట్రాన్స్‌మిటర్ తనే కట్టుకున్నాడు. మిలటరీవాళ్లు పారేసిన ఇనప పెట్టె ఒకటి, గుంటూరు పాతసామాన్ల కొట్లో దొరికిన ట్రాన్స్‌ఫార్మరు, చీకట్లో నీలంగా మెరిసే పెద్ద వాల్వు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, నాలుగు ముద్దలు తిని, ఆ పెట్టె ముందు కూర్చుంటే నెల్లూరులో ఒక డాక్టరు పలికేవాడు. ఆయన మొహం జీవరత్నం ఎన్నడూ చూడలేదు. అయినా ఆయన కూతురి దగ్గు సంగతి కూడా ఇతనికి తెలుసు.

ఆ పెట్టె మనిషికన్నా ఎక్కువ జబ్బులు పడేది. ఒకసారి టంకం ఊడేది, ఒకసారి కండెన్సరు ఉబ్బేది, ఇంకోసారి లోపల బల్లి దూరి మాడి చచ్చేది. జీవరత్నం కంగారుపడేవాడు కాదు. ముందు కరెంటు వస్తోందా, తర్వాత వాల్వు వెలుగుతోందా, ఆపైన తీగ, చివరికి భూమిలో పాతిన ఎర్తు, ఇలా వరసగా చూసుకుంటూ పోయేవాడు. కారణం లేకుండా ఏ పెట్టే చెడిపోదని అతని నమ్మకం. ఆ నమ్మకం మీదే బతికాడు.

ఏరియల్ తీగకు ఒక కొస ఇంటి మీద వెదురుబొంగుకు, రెండో కొస రసూల్ ఇంటి మీది ఇనప గొట్టానికి కట్టి ఉండేది. గొట్టం ఎక్కి ఆ తీగ కట్టింది రసూలే. ఆ గొట్టానికే అతని బాకా మైకు ఒకటి పెరటివైపు తిరిగి ఉండేది. కిరాయి లేని రోజుల్లో దాంట్లో ఖవ్వాలీలు పెట్టుకుని సందు మొత్తానికీ వినిపించేవాడు. ఎత్తులెక్కడం అతనికి నేల మీద నడిచినట్టే.

ఎనభై అయిదో సంవత్సరం శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లలో ఒక ఊరివాళ్లు కట్టిన ఎత్తయిన వెదురు ప్రభకు మైకు కట్టడానికి వెళ్లాడు రసూల్. ప్రభ సగం పైకెక్కి బాకా బిగిస్తుండగా కాలు జారింది. నరసరావుపేటకు చేర్చేలోపే ప్రాణం పోయింది. చివరి మాటంటూ ఏమీ లేదు. బతికున్నన్నాళ్లూ ఊరందరి చెవుల్లో హోరెత్తించినవాడు పెళ్లాంతో ఒక్క మాట చెప్పకుండా పోయాడు. అక్తర్ బేగం దానికే ఎక్కువ కుమిలిపోయేది. సెట్టు, మిగిలిన బాకాలు మాచర్లలో ఉండే భాగస్థుడు పట్టుకుపోయాడు. ఇంటి మీది బాకాను మాత్రం ఆమె ఇవ్వలేదు. దాని నుంచి కిందికి వేలాడే తీగ కొసలు రెండూ మెలిపెట్టి, గోడకున్న తుప్పు మేకుకు చుట్టి ఊరుకుంది.

ఎండలు ముదిరాయి. జీవరత్నం పెట్టెకు కొత్త జబ్బు పట్టుకుంది. మైకు మూతికి తగిలితే చురుక్కుమనేది. అవతల డాక్టరుకు మాట వణుకుతూ వినపడేది. వరసగా అన్నీ చూసి చివరికి భూమి దగ్గరకొచ్చాడు. పెరట్లో గొయ్యి తీసి పాతిన రాగి రేకు దగ్గర మట్టి ఇటుకలా గట్టిపడింది. కింద నాపరాయి, పైన మండే ఎండ, తడి నిలిచే దారి లేదు. రోజూ గోతిలో నీళ్లు పోయడం, లోపలికొచ్చి పరీక్ష చేయడం, డాక్టరుకు చెప్పడం, అదే పని అయింది.

ఆ రోజుల్లోనే రసూల్ బాకా పలుకుతోందన్న మాట సందులో పుట్టింది.

మొదట చెప్పింది పాపమ్మ. మిట్టమధ్యాహ్నం, మనిషన్నవాడు బయట తిరగని వేళ, అక్తర్ పెరట్లో గిన్నెలు తోముకుంటుంటే పైనుంచి సన్నగా, నూతిలోంచి వచ్చినట్టు, హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ అని వినపడిందట. రసూల్ ఎక్కడ సెట్టు పెట్టినా మొదట అనేది ఆ మాటే. అక్తర్ చేతిలో గిన్నె జారిపోయిందట. కరెంటు తీగ లేదు, సెట్టు లేదు, ఉత్త ఇనప బాకా. తర్వాత రోజూ పలుకుతూనే ఉంది. పాలు పోసే ఆవిడ విని బిందె అక్కడే వదిలేసి పారిపోయింది. పక్కిళ్ల ఆడవాళ్లు ఆ వేళకు తలుపులు బిడాయించుకుంటున్నారు. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి గొట్టానికి కట్టారు, అయినా ఆగలేదు.

జీవరత్నం నవ్వలేదు, నమ్మనూ లేదు. ఒక ఆదివారం, ఇంకోసారి సెలవు పెట్టి మరీ, మధ్యాహ్నమంతా అక్తర్ పెరట్లో బాకా కింద కూర్చున్నాడు. బాకా కిక్కురుమనలేదు. తనున్నప్పుడు పలకదు, తను లేనప్పుడే పలుకుతుంది. దిగులుతో ఆమె చెవుల్లో మోగుతున్న మాటలని అనుకున్నాడు. పాలావిడకు ఎందుకు వినపడిందో మాత్రం ఆలోచించలేదు.

వారం తిరక్కముందే ఒక రోజు, డాక్టరుతో మాట్లాడటం ముగించి, బజారులో టంకం కొనుక్కుని చుట్టు తిరిగి ఆఫీసుకు వెళుతూ ఖబరస్తాన్ గోడ పక్కగా నడిచాడు. లోపల ఎండలో ఎవరో ఆడమనిషి. ఆడవాళ్లు అందులోకి వెళ్లరు. చూస్తే అక్తర్, చంకలో బిందె. రసూల్ సమాధి మీద నీళ్లు పోసి, ఖాళీ బిందెతో గేటు దాకా వచ్చి, ఇతన్ని చూసి ఆగిపోయింది. ఎందుకమ్మా ఈ ఎండలో అని అడిగాడు.

“మీ బావ అడుగుతున్నాడన్నా. మట్టి ఎండిపోయింది, నీళ్లు పొయ్యాలి అన్నాడు. మొన్న ఒక బిందె పోశా. చాల్లేదు, లోపలికి దిగలేదు అన్నాడు. ఇయ్యాల రెండు పోశా.”

జీవరత్నం ఖాళీ బిందె వంక చూశాడు. చాల్లేదు, లోపలికి దిగలేదు అని ఆ మధ్యాహ్నమే అన్నది తను. నెల్లూరు డాక్టరుతో అన్నాడు.

“ఇంకేం అంటాడు?” అన్నాడు.

“నా మాట వినపడుతుందా అంటాడు. వినపడుతుంది చెప్పండి అంటా. ఇక కాసేపు ఏం మాట్లాడడు. నేను చెప్పేదంతా వింటాడు. విని, అవునా, ఎప్పట్నుంచి అంటాడు.” ఆమె మొహంలో భయం లేదు, చాన్నాళ్లకు కడుపునిండా తిన్నట్టుంది. “మాటమాటకీ చివర ఓవర్ అంటాడన్నా. ఓవర్ అంటే ఏంది?”

వైర్‌లెస్‌లో ఓవర్ అంటే నా మాట అయింది, ఇక మీ వంతు అని; అది చెప్పకుండానే జీవరత్నం ఆఫీసు దారి పట్టాడు. ఆఫీసులో ఆ సాయంత్రం ఒక తంతిని రెండుసార్లు తప్పు కొట్టాడు.

సంగతి అతనికి అర్థమైంది. వెనకటి రోజుల్లో కరెంటు లేకుండా, రాయిముక్క ఒకటి పెట్టుకుంటే పలికే రేడియోలు ఉండేవి. తుప్పు పట్టిన ముడి కూడా ఒక్కోసారి ఆ రాయి పని చేస్తుంది. తన తీగ బాకాకు ఆనుకునే ఉంది. భూమిలోకి పోవలసిన బలం పోక, దొరికిన ఇనుమంతా పట్టుకుని తిరుగుతోంది. మేకు దగ్గర తుప్పు దాన్ని మాటగా మారుస్తోంది. డాక్టరు మాట బాకాలో రాదు, తనదే వస్తుంది, పరీక్షకు తను అనే వన్ టూ త్రీతో సహా. డాక్టరు మాట్లాడే వ్యవధిలో అక్తర్ తన కష్టం చెప్పుకుంటోంది. అటు డాక్టరుకు తను ఇచ్చిన జవాబు ఇటు ఆమెకు అందుతోంది. నెల రోజులుగా తను ఆమె మొగుడిగా మాట్లాడుతున్నాడు.

పాపమ్మతో చెప్పాడు. ఆమె, అక్తర్ కళ్ల ముందే తేల్చాలి, ఊరికే చెబితే నమ్మదు అంది. మర్నాడు మధ్యాహ్నం పాపమ్మకు స్విచ్చు చూపించి, ఒక్క మాట మాట్లాడి స్విచ్చు కట్టేసి వచ్చెయ్యమని చెప్పి, తను వెళ్లి అక్తర్ పక్కన కూర్చున్నాడు. లైసెన్సు లేని మనిషి చేతికి మైకు ఇవ్వడం అతని జీవితంలో అదొక్కసారే.

కాసేపటికి పైన టిక్కుమంది. “ఏమయ్యా, వినపడుతుందా? అన్నం చల్లారిపోతుంది.”

మాటలు పాపమ్మవే. గొంతు మాత్రం ఎవరిదీ కాదు. తుప్పులోంచి, తీగలోంచి వచ్చేసరికి మనిషితనమంతా అరిగిపోయి, ఆడా మగా తెలియని ఒక గరగర మిగిలింది. లోపం దొరికిందని సంతోషించవలసినవాడు లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. అక్తర్ తలెత్తి అలాగే చూస్తూ, వదినగారా, అని మెల్లగా అంది. సరిగ్గా అప్పుడే పాపమ్మ గోడ మీద నుంచి తల పెట్టి, చెప్పాల్సింది చెప్పా, కట్టేసి వచ్చేశా అంది.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండగా బాకా ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత, మైకు ముందు నిలబడ్డవాడు వేలితో కొట్టి చూసుకున్నట్టు, టక్ టక్‌మని రెండుసార్లు. ఇక ఏమీ లేదు.

జీవరత్నం గోడ దూకి గదిలోకి పరిగెత్తాడు. స్విచ్చు కట్టేసే ఉంది. వాల్వు నీలం చల్లారిపోతోంది. మైకు బల్ల మీద పెట్టినచోటే ఉంది. చుట్టూ బల్లి కోసం వెతికాడు, దొరకలేదు. తర్వాత రోజుల్లో స్విచ్చు వెనక కరెంటును కలిపే, తెంపే రిలే విప్పి చూస్తే దాని నాలుక కొస కాస్త మాడి ఉంది. అంటుకుపోయి ఆలస్యంగా ఊడి ఉండొచ్చు, ఆ చప్పుడు దానిదే కావచ్చు. అలా మళ్లీ అంటుకుంటుందేమోనని ఎన్నోసార్లు ప్రయత్నించాడు. ఒక్కసారీ అంటుకోలేదు.

ఆ మధ్యాహ్నం మాత్రం వెనక్కి వచ్చి అక్తర్‌కు అంతా విడమరిచి చెప్పాడు. తీగ, తుప్పు, ఎర్తు గొయ్యి, నెల్లూరు డాక్టరు, ఏదీ దాచలేదు. ఆ మాటలన్నీ నాయేనమ్మా అన్నాడు.

ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది. “మీయే కావచ్చు. నేను మొదటిసారి నీళ్లు తీసుకెళ్లినప్పుడు ఆయన మీద మట్టి నెర్రెలిచ్చి ఉందన్నా. చెయ్యి దూరేంత నెర్రె. అది మీరు చూశారా?”

“లేదమ్మా.”

“మరి మీకెవరు చెప్పారు?”

అతను తన గోతి సంగతి మళ్లీ చెప్పబోయి, లేచి ఇంటిదారి పట్టాడు.

మరుసటి ఆదివారం పని మొదలుపెట్టాడు. ఏరియల్ తీగ కొసను ఆ గొట్టం మీద నుంచి విప్పి తన పెరట్లోని వేపచెట్టుకు కట్టాడు. ఎర్తు గొయ్యి రెట్టింపు లోతు తీయించి, బొగ్గు, ఉప్పు దట్టించి కొత్త రేకు పాతాడు. పెట్టె కుదుటపడింది. డాక్టరు మెచ్చుకున్నాడు. బాకా నోరు మూసుకుంది. సందులో ఆడవాళ్లు మధ్యాహ్నాలు మళ్లీ అరుగుల మీద కూర్చోసాగారు.

అక్తర్ మాత్రం చిక్కిపోయింది. పాపమ్మ అన్నం పట్టుకెళ్తే రెండు మెతుకులు కతికి పక్కన పెట్టేది. వానలు పడ్డాక ఒక సాయంత్రం ఇవతలికి వచ్చి గుమ్మంలో నిలబడింది. తీగ మళ్లీ అక్కడే కట్టమని అడిగింది. అది ఆయన కాదమ్మా, నేను అన్నాడు జీవరత్నం.

“తెలుసన్నా. మీరే మాట్లాడండి. ఆ ఇనుము ఊరకుంటే ఇంట్లో ఉండలేకపోతున్నా.”

తప్పో ఒప్పో అతనికి తేలలేదు. పాపమ్మే కట్టెయ్యవయ్యా అంది. కట్టాడు. తాయెత్తు పక్కనే ముడి వేశాడు. ఎర్తు కుదిరినా, తీగ అంత దగ్గరుంటే చాలు, బాకా సన్నగా మళ్లీ పలికింది.

అప్పటినుంచి అతని మాట తీరు మారిపోయింది. స్విచ్చు నొక్కిన ప్రతిసారీ గోడ అవతల ఒక మనిషి తల పైకెత్తి వింటోందన్న ఎరుక. ఒక్కో మాటా తూచి వదిలేవాడు. డాక్టరు ఎర్తు సంగతి అడిగితే మాట మార్చేవాడు. మట్టి అనడు, నీళ్లు అనడు, ఆకలి అనడు. అయినా డిసెంబరులో ఒక రోజు నోరు జారాడు. ఇక్కడ చలి ఎక్కువైపోయిందండీ అన్నాడు, అంతే. ఆ సాయంత్రం పాపమ్మ, అక్తర్ బొంత చంకన పెట్టుకుని ఖబరస్తాన్ వైపు వెళ్లిందని చెప్పింది. జీవరత్నం వెళ్లి గోడ మీదుగా చూశాడు. సమాధి మీద బొంత నాలుగు మూలలా రాళ్లు పెట్టి శుభ్రంగా కప్పి ఉంది. దాన్ని తీయడానికి అతనికి చేతులు రాలేదు.

ఆ తర్వాత క్షేమమే అనీ, వాతావరణం బాగుందనీ తప్ప అతను గాలిలో మరే మాటా అనలేదు. డాక్టరు విసిగి, కొన్నాళ్లకు వేరే స్నేహాలు చూసుకున్నాడు.

ఎనభై ఏడులో బాపట్లకు బదిలీ అయింది. తీగ విప్పే రోజు అక్తర్ నిచ్చెన పట్టుకుంది. బండి కదిలేటప్పుడు పాపమ్మను కావలించుకుని ఏడ్చింది. జీవరత్నాన్ని మాత్రం కళ్లెత్తి చూడలేదు.

బాపట్లలో ఇసక నేల. రెండడుగులు తవ్వితే నీటిచెమ్మ. అంత మంచి ఎర్తు జీవరత్నానికి మునుపెన్నడూ దొరకలేదు. పెట్టె ఏ జబ్బూ లేకుండా బల్ల మీద కూర్చుంది. అతను దాని దుమ్ము తుడిచేవాడు, వాల్వు వెలిగించి చూసుకునేవాడు, రిసీవరులో పదిమంది మాటలూ వినేవాడు. మైకు దగ్గరకు మాత్రం వెళ్లేవాడు కాదు. అన్నీ బాగున్నాయిగా, మాట్లాడవేందయ్యా అని ఒకనాడు పాపమ్మ అడిగింది.

“ఇక్కడ ఎవరింట్లో పలుకుతుందో తెలవదు” అన్నాడు జీవరత్నం.