మామ చేతిలో చివరి గెజెల్

వేలూరు ఆసుపత్రి వరండాలోంచి అత్త ఫోన్ చేసి మామ పోయారని చెప్పినప్పుడు, నేను అంగట్లో కారు తలుపులకు వేసే రబ్బరు పట్టీ కొలిపిస్తున్నాను. ఆయనే తెమ్మన్నారు. అంగడి మనిషి అప్పటికే కోసేశాడు. దాన్ని చుట్టగా చుట్టి చంకలో పెట్టుకునే ఆసుపత్రికి వెళ్ళాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు. తమిళనాట గుడియాత్తంలో ముప్పై ఏళ్ళు లుంగీలు నేసి, మగ్గం ఆగిపోయాక అదే షెడ్డులో పాత కార్లు బాగుచేశారు. తెలుగు గడగడా మాట్లాడేవారు గానీ చదవడం రాదు. నేను పత్రికలకు రాస్తానంటే, "ఎవురు చదవతారప్పా దాన్ని?" అని నిజంగానే అడిగేవారు. బతికున్నా ఇది ఆయన చదివేది కాదు.

పాత కార్ల పిచ్చి నాకు ఆయనే అంటించారు. అందరూ అంబాసిడర్ల వెంటా ఫియట్ల వెంటా పడి ధరలు పెంచేస్తుంటే, ఆయన ఎవరూ కన్నెత్తి చూడని డెబ్బైల నాటి ఇంటి కార్లను వెతికేవారు. మద్రాసులో తయారైన నాలుగు తలుపుల గెజెల్ అంటే ప్రాణం. "గొప్పోళ్ళు ఊరేగిన కారొద్దప్పా. బిడ్డలు వాంతి చేసిన కారు కొను. దాన్ని ఎవురో ఒకరు కడిగుంటారు" అనేవారు. కారు చూడబోతే ముందు బానెట్ ఎత్తేవారు కాదు. నేతలో తెగిన పోగు కోసం తడిమినట్టు తలుపుల అంచుల వెంట బొటనవేలు పోనిచ్చి, రేకును ఉంగరంతో తట్టి, ఆ తర్వాత పాత లుంగీ నేల మీద పరిచి కారు కిందికి దూరేవారు. నచ్చకపోతే అమ్మేవాళ్ళను పల్లెత్తు మాట అనకుండా, వాళ్ళిచ్చిన కాఫీ తాగి వచ్చేసేవారు. ఎందుకు వద్దన్నారో దారిలో చెప్పేవారు.

పోయిన ఏడాది ఆలంగాయంలో ఒక గెజెల్ అమ్మకానికి ఉందని తెలిసింది. అప్పటికే మామ ఊపిరితిత్తులు పాడయ్యాయి. దుమ్ములోకీ పొగలోకీ వెళ్ళొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అందుకని నేనొక్కణ్ణే, ఒక పెళ్ళికి పోతూ పోతూ ఆగాను. తెల్లచొక్కా, తెల్లపంచె. వాన అప్పుడే వెలిసింది, కారు కిందంతా బురద. పంచె మాసిపోతుందని నేను కింద పడుకుని చూడలేదు.

తుప్పు తినేసిన అడుగు రేకును సిమెంటుతో పూడ్చి, పైన నల్లరంగు కొట్టి నాకు అంటగట్టారు. షెడ్డుకు తెచ్చాక మామ ఒక్కసారి తట్టి నా మొహంలోకి చూశారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఉండనీ, నేను చూస్తా. ఊరికే కూచుంటే మాత్రం ఊపిరి వస్తాదా" అన్నారు. వద్దు మామా అనాల్సింది నేను. దీపావళికి పిల్లల్ని అందులో తిప్పాలన్న ఆశతో నోరు మూసుకున్నాను.

పదిహేను రోజులు ఉలీ సుత్తీ పట్టి ఆ సిమెంటు చెక్కారు. ముక్కుకు తువ్వాలు కట్టుకునేవారు, దగ్గు రాగానే విప్పేసేవారు. ఆపైన రేకు అతుకులు, వెల్డింగు పొగ. నేను ప్రతి ఆదివారం వెళ్ళి పని ఎంతవరకు వచ్చిందని ముందు అడిగేవాణ్ణి. ఆయనకెలా ఉందని ఆ తర్వాత అడిగేవాణ్ణి. ఈ వరుస తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఇంజను పలికిన మర్నాడే ఆయన్ను వేలూరు తీసుకెళ్ళాల్సి వచ్చింది. అక్కడ ఆక్సిజన్ మాస్కులోంచి మాట వినపడక నేను వంగితే, తలుపు రబ్బర్లు పాతవి, వాన నీళ్ళు దిగుతాయి, మార్చమన్నారు. నాతో అన్న చివరి మాట అదే.

కర్మలయ్యాక అత్త దగ్గర కూర్చుని, ఆ కారు నేను తెచ్చి ఉండకూడదన్నాను. కాదులే అంటుందని లోపల ఆశ ఉన్నట్టుంది. అత్త నా వైపు తిరగలేదు.

"నేను దినామూ చెప్పినాను నాయనా, ఆపమని. నా మాట యాడ వింటాడు ఆ మనిషి? నువ్వు చెప్పుంటే వినుండేవాడు."



కారు ఇంకా గుడియాత్తంలోనే, షెడ్డు బయట ఆయన వాకిట్లో ఉంది. వెళ్ళి తెచ్చుకోవడానికి కాళ్ళు రావడం లేదు. ఆ వీధిలో తెల్లవారగానే వీధి పొడవునా పడుగులు చాచి నూలుకు గంజి పెడతారు, కారు వాళ్ళకు అడ్డం. అయినా తీయమని ఎవరూ నాకు కబురు పెట్టలేదు. పొద్దున్నే నలుగురు నేతగాళ్ళు చేరి దాన్ని వీధి చివరకు నెడతారు. నూలు ఆరి, పడుగు చుట్టేశాక, మళ్ళీ నెట్టుకుంటూ తెచ్చి ఆయన వాకిట్లో నిలబెడతారు.