హంసలదీవి దారిలో తాగిన బోండం

గుడివాడ బస్టాండులో టీ గ్లాసు రానురాను బొటనవేలంత అయిపోయింది. రెండు గుటకలకే అడుగు కనిపించింది. ఆ చిరాకుతోనే ఆరున్నర బందరు బస్సెక్కాను. కృష్ణ నీళ్లు తాగి ముసలాడివయ్యావు, అది సముద్రంలో కలిసే చోటు చూడలేదా అని మనవరాలు దెప్పింది. అందుకే ఈ ప్రయాణం.

బందరులో బస్సు మారి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరేసరికి పదైంది. బస్సు ఛార్జీలు వంద రూపాయల లోపే. హంసలదీవి వెళ్లి రావడానికి ఆటో మూడొందలకు కుదిరింది. "ఆటో కంటే నీ మీసమే బరువుగా ఉందయ్యా" అని డ్రైవర్ని ఏడిపించాను. "అందుకేనండి బాబాయ్‌గారూ, బండి లాగట్లేదు" అన్నాడు.

సంగమం చూసి తిరిగొస్తుంటే ఒంటిగంట. దారిలో హోటలు లేదు. "మా ఇల్లిక్కడేనండి, రెండు ముద్దలు తిని వెళ్దురుగాని" అని డ్రైవరు తీసుకెళ్లాడు. వాళ్లావిడ పీట వేసి, చింతచిగురు రొయ్యల కూర తెచ్చింది. నా నోరు ఊరుకోలేదు.

"ఇంటిపేరేమిటయ్యా?"

ఇంటిపేరుతో కులం ఆరా తీయడం మా వైపు అలవాటు. చెప్పాడు.

"పొద్దున టిఫినే అరగలేదమ్మా" అన్నాను. అప్పుడే నా కడుపు గుర్రుమంది. ఆమె గరిట గిన్నెలోనే ఆగిపోయింది. అతను పెరట్లోకెళ్లి కొబ్బరి బోండం కొట్టి తెచ్చాడు.

"ఇది తాగండి. లోపల మా చెయ్యి తగల్లేదు."

నాలాంటివాళ్లు ఆ ఇంటికి ఎంతమంది వచ్చారో! తల వంచుకుని తాగాను. బయల్దేరుతుంటే ఆమె స్టీలు డబ్బాలో కూర పెట్టిచ్చింది. "దార్లో ఆకలేస్తదండి. డబ్బా మళ్లీ వచ్చినప్పుడు ఇద్దురుగాని."

వద్దనాలని నేననుకోలేదు. చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది. చిన్నప్పుడు మా పాలేరు ఇంట్లో అన్నం తిన్నానని అమ్మ నూతి దగ్గర నిలబెట్టి, బిందెలకొద్దీ నీళ్లు గుమ్మరించి, వీపు మీద రెండు తగిలించింది. ఆ అన్నంలో తప్పేమిటో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అడగలేదు కాబట్టే ఆ భయం అరవై ఏళ్లయినా నన్ను వదల్లేదు. దానికి ఆచారమని పేరుపెట్టి పెద్దమనిషిలా తిరిగాను. చివరికి ఆమే డబ్బాను ఆటోలో నా పక్కన పెట్టింది.

హంసలదీవి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. కోడూరు దాటాక హోటలు దొరుకుతుందని నమ్ముకోవద్దు. ఎవరైనా పెడితే ఇంటిపేరు అడక్కుండా తినండి.

ఇక నా కొంటెపని. డబ్బా మీద ఆమె పేరు చెక్కి ఉంది. అది కనబడకుండా కూర మా గిన్నెలో వంచి, బందరు హోటలుదని మా ఆవిడకు చెప్పాను. ఆవిడ రెండుసార్లు వడ్డించుకుంది. ఆవిడకేం కాలేదని చూసుకుని, అప్పుడు నేను తిన్నాను.