ఎవురి మగ్గమైనా చదవల్ల

మా అత్తిమంజేరిపేటలో మగ్గం నేసే మామ ఒకాయన ఉండేవాడు. చీర అంచుకు కొత్త డిజైన్ తోచిందంటే పెన్సిల్ మొన నాలుకకు అద్దుకుని, గళ్ళ కాగితం మీద ఒక్కో గడీ నింపేవాడు. ఎవరడిగినా ఆ కాగితం నేసుకుని తెచ్చివ్వమని ఇచ్చేవాడు. "ఎవురి మగ్గమైనా చదవల్ల. లేకుంటే అదేం డిజైను?" అనేవాడు.

తర్వాత ఆయన చీరలు కొనే షావుకారు, డిజైన్లన్నీ తన యాప్‌లోనే పెట్టాలన్నాడు. మామ ఫోన్లో దాన్ని ఎక్కించింది నేనే. "కాగితాలు ఇంకెందుకు మామా? యాడ తెరిచినా కనపడతాయి" అని పాతవన్నీ అందులోకి ఎక్కించి, కాగితాలను గంజి కాచే పొయ్యిలో వేసిందీ నేనే.

ఏడాది తిరక్కుండానే మామ ఇంకో షావుకారుకు నేయడం మొదలుపెట్టాడు. ఆ వారమే యాప్ తెరుచుకోవడం మానేసింది. పాత షావుకారు వాళ్ళకు ఫోన్ చేసి అడిగితే "మా యాప్‌లో ఉండేవి మావే" అన్నారు. దొంగ వెధవలు! ఆ గళ్ళు నింపిన చెయ్యి ఎవరిది? ఈనాటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మీద సగం, నా మీద సగం.

మామ నన్ను తిట్టలేదు. అమ్మిన చీరలు ఎలాగూ తిరిగి రావు. అత్త కట్టి వెలిసిన చీర ఒకటి తెచ్చి, అంచు నన్ను పట్టుకోమని, భూతద్దంతో పోగులు లెక్కపెడుతూ ఆ ఒక్క డిజైన్నీ మళ్ళీ కాగితం మీదికి దించాడు.

"సెరి, నలుగురికీ జిరాక్స్ తీసిచ్చి రాపో. పొయ్యి పక్కకి మాత్రం పోబాక" అన్నాడు.