ఐసుపెట్టె పాఠం

మా సైన్సు మాస్టారు పోయారు. మాయాబందర్‌లో నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే, దీవుల్లో దక్షిణపు కొసనున్న మా ఊరు జంగ్లీఘాట్ నుంచి తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. చెప్పిన నోటితోనే, "శ్లాబు పెద్దకర్మ అయినాక ఏయిస్తానక్కా, ముసలాయన గౌరవానికి" అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్ళు మండింది. వాడి ఇంటి మూడో అంతస్తుకు, బతికుండగా ఆయన వద్దు వద్దని మొత్తుకున్న శ్లాబే అది.

మా బడి రోజుల్లో, భూకంపాల పాఠం నాడు ఆయన పుస్తకం మూసేసి, మా నాన్న చేపల ఐసుపెట్టెను క్లాసుకు తెప్పించారు. పెట్టెకు సైకిల్ ట్యూబు, ట్యూబుకు తాడు కట్టి నన్ను నెమ్మదిగా లాగమన్నారు. ట్యూబు సాగుతోంది, పెట్టె కదలదు. అందరూ నవ్వుతుండగానే ఒక్క కుదుపుతో ముందుకు దూకింది. నేను వెల్లకిలా పడ్డాను.

"భూమి లోపల బండలూ ఇంతే. గరుకు పట్టున్నంతసేపూ కదలవు. లాగుడు మాత్రం ఆగదు."

టిఫిన్ బెల్లు దాకా ముట్టుకోకుండా ఉంచి మళ్ళీ లాగిస్తే పెట్టె ముందుకంటే మొండికేసింది. "సూసినారా? కదలకుండా కూకున్న కొద్దీ పట్టు బిగుస్తాది" అన్నారు. ఆఖరికి నేల తడిపి లాగిస్తే ట్యూబు అంత సాగకముందే, కుదుపు లేకుండా జారింది.

"భూమి మళ్ళీ ఎప్పుడు కదుల్తాది మాస్టారూ?" అని ఎవరో అడిగితే సుద్దముక్క విసిరారు. "అది నాకూ తెల్దు, ఎవుడికీ తెల్దు. కదిల్తే ఏటి కూలుతాదో అడుగు!"

రాత్రి నేల ఊగితే బయటికి పరుగెత్తేందుకు ఆయన చెప్పులు వీధివైపు తిప్పి పెట్టుకుని పడుకునేవారు. ఊరంతా వేళాకోళం చేసేది. సునామీ రోజు నేల అంతసేపు ఊగాక సముద్రం చూడ్డానికి పోతున్న తమ్ముణ్ణి రెక్క పట్టి గుట్ట ఎక్కించింది ఆయనే. వాడు ఈవేళ ఉన్నాడంటే ఆయన చలవే.

ఆ తమ్ముడే ఐసు వ్యాపారానికని కింద గోడల్లేకుండా సన్నటి స్తంభాలు లేపి, పైన రెండంతస్తులు వేశాడు. ఇప్పుడు మూడోది. మాస్టారు గొడుగు మొనతో స్తంభాలు తట్టి పోట్లాడేవారు.

"పెద్దది వచ్చీసింది కదా మాస్టారూ! ఇన్నేళ్ళయింది, ఏటైనాది? ఇంక బేఫికర్, బయం లేదు."

"అరే, పెట్టె కదల్లేదని లాగీవోడు తాడొగ్గీసినాడేట్రా?"

"అయితే ఎప్పుడొస్తాదో చెప్పండి, ఆపీస్తాను."

ఆ ఒక్కటే ఆయన చెప్పలేరు. తేదీ చెప్పే జోస్యుడికున్న విలువ, తెలియదని నిజం చెప్పే మనిషికి లేదు. చివరిసారి కలిసినప్పుడు "నువ్వైనా చెప్పమ్మా, నా గొంతు అరిగిపోనాది" అన్నారు. చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

పెద్దకర్మ భోజనాలయ్యాక తమ్ముడి ఇంటికి వెళ్ళాను. స్తంభాల మధ్య సిమెంటు బస్తాలు, వాటికి అడ్డంగా ఐసు నిండిన అదే పాత పెట్టె.

"జరా ఇటు లాగక్కా" అన్నాడు, పెట్టెకు ముందు, తాడు పక్కనే నిలబడి.

పెట్టెకు కట్టిన తాడు పట్టుకుని లాగాను. కదల్లేదు. ఇంకా లాగాను.

"ఒగ్గీ అక్కా, నేను సూస్తాను."

వదల్లేదు. అరచేతులు మండుతున్నాయి. తాడు బిగిసి సన్నగా వణుకుతోంది. పెట్టె ఉన్నచోటే ఉంది. తమ్ముడు మాత్రం దాని దారిలోంచి గబుక్కున పక్కకు తప్పుకున్నాడు.